ఎర్ర చుక్క పళ్ళాలు

పోయిన వారం సువార్తను గద్వాల చర్చిలో మైకు ముందర నిలబెట్టి వదిలేశాం. ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం రెండు మాటలు. సువార్త బల్మూరు పిల్ల. తల్లి జమ్ములమ్మ పత్తి చేలల్లో కూలికి పోతూ, మధ్య మధ్య మేస్త్రీ వెంట బొంబాయికి మట్టిపనికి పోతూ, పిల్లను హాస్టల్లో ఉంచి చదివించింది. ఆ పిల్ల వనపర్తిలో బీఈడీ ముగించింది. అక్కడి క్రైస్తవ సంఘం పంపితే టాంజానియా వెళ్లి, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఒక మిషన్ బడిలో మూడేళ్లుగా ఏడో తరగతికి లెక్కలు, ఇంగ్లీషు చెబుతోంది. ఆ బడి నడిపేది మన తెలుగువాళ్ల ట్రస్టే. సెలవులకు వచ్చి ఐదు వారాలైంది. ఊరూరి చర్చిలో అక్కడి సంగతులు చెబుతూ తిరుగుతోంది. పద్నాలుగో తారీఖున తిరుగు విమానం.

గద్వాలలో ఆడవాళ్లు ఆమె మాటలకు బాగా నవ్వారు. "అక్కడ ఏం తింటరమ్మా?" అని ఒకామె అడిగితే, "మన సంకటే. జొన్నలకు బదులు మక్కపిండి. ఉగాలి అంటరు. పేరే వేరు, చెయ్యి కాలుడు ఒకటే" అంది. ఒక పెద్దమనిషి మాత్రం, "పేద పిల్లల ఫోటోలు లేవా, జర బక్కగ ఉన్నోళ్లవి" అని అడిగాడు. "నా క్లాసు పిల్లలు బక్కగ లేరు. ఫుట్‌బాల్ ఆడి మంచిగున్నరు" అని ఆయనను కూర్చోబెట్టింది. అట్లా ఆయనను కూర్చోబెట్టి మెట్లు దిగేసరికి వనపర్తి నుంచి జయపాల్ సార్ ఫోను. సంఘం కమిటీకి ఆయనే పెద్ద. "మూడింటికల్ల రా. నీ మీద ఉత్తరం వచ్చింది" అని పెట్టేశాడు. ఏం ఉత్తరమో, ఎవరు రాశారో చెప్పలేదు.

అక్కడి నుంచి ఈ వారం.

పెబ్బేరు సంత రోజున ఆ దారిలో బస్సెక్కడం తెలివైనవాళ్లు చేసే పని కాదు. సువార్త చేసింది. ఊరి మొదట్లోనే బస్సు ఆగిపోయింది. ముందర ఎడ్లు, పక్కన ఎడ్లు, ఎడ్లను ఎక్కించుకున్న ట్రాలీ ఆటోలు, వాటి మధ్యన తువ్వాల కింద వేళ్లు కలిపి బేరమాడుతున్న ఆసాములు. డ్రైవరు ఇంజను ఆపి కాళ్లు బారజాపాడు. "గంట పడుతది. దిగెటోళ్లు దిగుండ్రి" అని కండక్టరమ్మ తేల్చేసింది.

సువార్తకు నవ్వొచ్చింది. అక్కడ ప్రతి ఆదివారం ఇదే తంతు. అక్కడి చిన్న వ్యానును దలాదలా అంటారు. పద్నాలుగు మంది పట్టే బండిలో ఇరవై రెండు మంది, రెండు కోళ్లు, ఒక చేపల బుట్ట. మొదటిసారి ఎక్కినప్పుడు ఒక ముసలామె అడగకుండానే ఈమె చేతిలోని సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. పట్టపగలు దోపిడీ అనుకుని సువార్త దారి పొడవునా ఆ సంచి మీద నుంచి కన్ను తిప్పలేదు. దిగేటప్పుడు ఆ ముసలామె సంచి తిరిగిచ్చి, చెంప తట్టి పంపింది. నిలబడ్డవాళ్ల బరువు కూర్చున్నవాళ్లు మోయడం అక్కడి మర్యాదట. ఆ సిగ్గు తీరడానికి మరుసటి వారం నుంచి సువార్త కూడా ఎవరి మూటనో, ఎవరి చంటిపిల్లనో ఒళ్లో పెట్టుకుని సరస్సు ఒడ్డు దాకా పోయేది. అక్కడ పడవెక్కి, దీవిలో ఉన్న రేకుల చర్చికి వెళ్లి, సండే స్కూలు చెప్పి సాయంత్రానికి తిరిగొచ్చేది. పిల్లలు ఆమెను "మ్వాలిము" అని పిలిచేవారు, అంటే టీచరమ్మ.

బస్సు కదిలి, వనపర్తి చేరి, ఆమె ఆటో దిగేసరికి నాలుగు కావొస్తోంది.

కమిటీ కూర్చున్నది చర్చి పక్కన, పాస్టరు మహేందర్ అయ్యగారి ఇంటి ముందు హాల్లో. ఏడుగురు మగవాళ్లు, ఒక్క భాగ్యమ్మ. ఈ భాగ్యమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. మార్కెట్లో కూరగాయలమ్ముతుంది. మీటింగుల్లో చివరి కుర్చీ ఆమెది. కిటికీ బయట వరండాలో ఇరవై మంది దాకా ఆడవాళ్లు మూటలతో కూర్చుని ఉన్నారు. నెలకొకసారి పిడికెడు బియ్యం తెచ్చే రోజు అది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నెల తిరిగేసరికి ఆ డబ్బా మూటకట్టి చర్చికి తెస్తుంది. అమ్మమ్మల కాలం నుంచి ఆ బియ్యంతోనే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలను ఊళ్లకు పంపేవారు. మూడేళ్ల కింద సువార్తను సముద్రం దాటించింది కూడా ఆ బియ్యమే.

"ఆలస్యమైంది" అన్నాడు జయపాల్ సార్.

"పెబ్బేరు సంత సార్."

"సంతని తెలుసు గద. జర ముందు బయలుదేరాలె."

ఆయన ఫోను చేసిందే పన్నెండు దాటాక. ఆ మాట సువార్త నాలుక చివరి దాకా వచ్చింది. ఇవాళ ఇంతకంటే పెద్ద మాటలు ఖర్చయ్యేట్టున్నాయని దాన్ని మింగేసి కుర్చీలో కూర్చుంది.

జయపాల్ సార్ రిటైరైన హెడ్మాస్టరు. తెల్లచొక్కా మడత నలగని మనిషి. సంఘం ముద్ర ఆయన చేతిసంచిలోనే ఉంటుంది, ఇంట్లో పెట్టి రాడు. సువార్త పేరును ట్రస్టుకు సిఫారసు చేసింది ఆయనే. ఆమెను విమానం ఎక్కించడానికి హైదరాబాదు దాకా వచ్చి, గేటు దగ్గర కళ్లు తుడుచుకున్నదీ ఆయనే. అందుకే ఆమెకు ఇప్పుడు ఆయన మొహం చూస్తే మరీ కష్టంగా ఉంది.

పేపరు కప్పుల్లో చాయ్ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. సార్ కళ్లద్దాలు పెట్టుకుని ఒక కాగితం తీశాడు.

"బడి ప్రిన్సిపాల్ ప్రభుదాస్ గారు మెయిల్ పంపిండు. ప్రింటు తీయించిన. చదువుత, విను." గొంతు సవరించుకుని క్లాసులో పాఠం చదివినట్టే చదివాడు. "ఉపాధ్యాయురాలు సువార్త పాఠశాల క్రమశిక్షణను భంగపరిచినది. భోజనశాల సామగ్రిని పాడు చేసినది. వంటవారిని యాజమాన్యం మీద రెచ్చగొట్టినది. రాతపూర్వకంగా క్షమాపణ చెప్పి, మీ సంఘం ముద్రతో పంపిన పక్షంలోనే ఆమెను తిరిగి చేర్చుకోగలము."

ఇంకో కాగితం ఆమె ముందుకు జరిపాడు. క్షమాపణ కూడా వాళ్లే టైపు చేసి పంపారు. సంతకం కోసం అడుగున ఒక గీత గీసి ఉంది.

"సంతకం పెట్టు. ఇప్పుడే ముద్ర కొట్టి పంపుత. పద్నాలుగున నువ్వు విమానం ఎక్కుతవు. పెట్టకపోతే మా సిఫారసు ఉత్తరం ఉండదు. ఉత్తరం లేకపోతే నీ పర్మిట్టు పొడిగించరు. అంతే ముచ్చట."

సువార్త కాగితం వైపు చూసింది. ఏడో తరగతిలో నలభై ఒక్క మంది పిల్లలు. సెప్టెంబరులో వాళ్లకు సర్కారు పరీక్ష. అది దాటితేనే పై చదువు, లేకపోతే చేపల వలల దగ్గరికి. భిన్నాలు సగంలో ఆపి వచ్చింది. "పదిహేనో తారీఖు పొద్దున క్లాసులో ఉంటా" అని బోర్డు మీద రాసి మరీ వచ్చింది. ఒక్క సంతకం పెడితే ఆ మాట నిలబడుతుంది. పెట్టకపోతే ఆ పిల్లలు ఆమెను అబద్ధాలకోరు అనుకుంటారు. 

"సామగ్రి పాడు చేసిన అని రాసిండు. ఏం సామగ్రో రాసిండా సార్?"

"రాయలే."

"నేను చెప్పొచ్చునా?"

జయపాల్ సార్ గోడ గడియారం చూశాడు. మహేందర్ అయ్యగారు మాత్రం, "చెప్పనీయండి సార్" అన్నాడు. చెప్పింది.

ఆ బడి భోజనశాలలో రెండు రకాల స్టీలు పళ్ళాలున్నాయి. కొన్ని లోపల అలమరలో. కొన్ని బయట కుళాయి పక్కన చెక్క మీద. బయటివాటికి అడుగున ఎర్ర రంగు చుక్క. సువార్త ఆ చుక్కలు చూసి ఏమీ అనుకోలేదు. మన దగ్గర పెళ్లికి నాలుగిళ్ల గిన్నెలు తెచ్చుకుంటాం కదా. కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో రంగు చుక్క పెడతాం. జమ్ములమ్మ గిన్నెలకు పచ్చ చుక్క. ఇదీ అట్లాంటిదే, చర్చివాళ్ల పళ్ళాలో ఎవరివో అనుకుంది. ఈసారి సెలవులకు వచ్చే ముందు నెలలో, లోపలివి తడిగా ఉన్న ఒక రోజు బయటిది ఒకటి తెచ్చుకుని అన్నం పెట్టుకుంది. మర్నాడూ అంతే. వారం గడిచింది. ఆ వారమంతా అక్కడి మన తెలుగు టీచర్లు ఆమెకు రెండు కుర్చీల దూరంలో కూర్చుంటున్నారని కూడా ఆమె గమనించలేదు. ఎనిమిదో రోజు ప్రిన్సిపాల్ పిలిచి నవ్వుతూ, "అవి మనవి కాదమ్మా, వాళ్లవి" అన్నాడు.

వాళ్లంటే ఆ దేశం వాళ్లు. ఆరుగురు టీచర్లు, ఇద్దరు వంటవాళ్లు, కాపలా ముసలాయన. మూడేళ్లలో ఎవరూ ఆ సంగతి పైకి అనలేదు. మనవాళ్లు అనలేదు సరే, వాళ్లూ అనలేదు. సువార్త వంటామె నీమాను అడిగింది. నీమా గరిటె కడుగుతూనే, "నీకు తెలుసనుకున్నాను" అంది.

"ఆ మాటకు నాకు మూడు దినాలు నిద్ర పట్టలే" అంది సువార్త. "మూడేండ్లు నేను లోపలి ప్లేట్ల తిన్న సార్. ఆమె నన్ను కూడ గదే లెక్కల వేసింది. వేసుకోదా మరి?"

నాలుగో రోజు గేటుకు రంగు వేయగా మిగిలిన థిన్నరు సీసా తెచ్చుకుంది. మధ్యాహ్నం బడి వదిలాక కుళాయి దగ్గర గొంతుకూర్చుని ఒక్కో పళ్లెం అడుగున చుక్క తుడిచింది. నీమా వద్దంది, బతిమాలింది, చివరికి తనూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చుంది. తుడిచినవన్నీ లోపలివాటితో కలిపి ఒకే చోట బోర్లించారు. ఆ సాయంత్రం అలమర ముందు మన టీచర్లు నిలబడి ఒక పళ్లెం తీసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టి, ఇంకోటి తీసి తిప్పి చూశారు. ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియకుండా పోయింది. ఎవరూ అన్నం తినలేదు. అరటిపండ్లు తిని పడుకున్నారు.

కిటికీ బయట ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. భాగ్యమ్మ పెదవులు బిగబట్టింది.

"నవ్వులాట కాదు" అన్నాడు జయపాల్ సార్. "ఆయన చెప్పేది శుభ్రత గురించి. పరాయి దేశం, రోగాలు రొష్టులు ఉంటయి. జాగ్రత్తకు పెట్టుకున్నరు."

"బియ్యం కడిగేది నీమా. కూర వండేది నీమా. చేత్తోని వడ్డించేది నీమా. అప్పుడు లేని రోగం ఆమె తిన్న ప్లేటుకు ఎట్ల వచ్చె సార్?"

 బ్యాంకులో పనిచేసే ఒక మెంబరు చాయ్ కప్పులోకి తొంగి చూస్తూ కూర్చున్నాడు.

"బిడ్డా" అన్నాడు సార్. గొంతు తగ్గింది. "నాకు తెల్వదనుకుంటున్నవా? అచ్చంపేట హోటల్ల మా నాయిన గ్లాసు చూరుకుండేది. తాగి, కడిగి, మల్ల చూరుకే పెట్టెటోడు. చిన్నప్పుడు నేను గూడ పెట్టిన. ఒక్క దినం గూడ మర్చిపోలే. కాని నోరు మూసుకుని చదువుకున్న. గందుకే హెడ్మాస్టర్ అయిన. ఆ దినం గ్లాసు పలగ్గొట్టి ఉంటే పెబ్బేరు సంతల ఎడ్లను తోలుకుంట ఉండెటోన్ని. ఓర్చుకుంటేనే పైకొస్తం. నిన్ను గూడ ఓర్చుకోమంటున్న."

ఆ మాట సువార్తకు తగిలింది. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. ఆయన ఓర్పు మీదనే కదా తన లాంటి ఇరవై మంది పిల్లలు హాస్టలు మెట్లెక్కారు. ఒక్క క్షణం ఆమె చెయ్యి కలం వైపు పోయింది కూడా. పిల్లల మొహాలు కళ్ల ముందు తిరిగాయి. అంతలోనే గరిటె కడుగుతున్న నీమా గుర్తొచ్చింది, కోపం లేకుండా ఆమె అన్న ఆ మాట గుర్తొచ్చింది.

"మీరు ఓర్చుకున్నరు సార్, మీ కష్టం మీరు ఓర్చుకున్నరు. ఇక్కడ ఓర్చుకుంటున్నది నేను కాదు, నీమా. ఆమె ఓర్పు మీద నేను సంతకం ఎట్ల పెట్టాలె? అప్పుడు గ్లాసు చూరుకు పెట్టించినోడు వేరేటోడు. ఇప్పుడు పెట్టించేది మనోడు. గంతనే తేడా."

"మాటలు జర చూసుకుని మాట్లాడు."

"చూసుకునే మాట్లాడుతున్న. మన అమ్మలు, నాయినలు యేసయ్య దగ్గరికి ఎందుకు వచ్చిండ్రు సార్? అందరం ఒక్క గిన్నెల ముంచుకోవచ్చునని వచ్చిండ్రు. అదే పేరు చెప్పుకుని సముద్రం దాటిపోయి, అక్కడ ప్లేట్లకు చుక్కలు పెడుతుంటే, నేను అక్కడ బైబిలు పాఠం ఏం మొహం పెట్టుకుని చెప్పాలె?"

"నిన్ను పంపింది పాఠాలు చెప్పనీకె. పంచాయితీలు చెప్పనీకె కాదు."

"పంపింది ఎవరు?"

అడిగింది సువార్త కాదు. చివరి కుర్చీ నుంచి భాగ్యమ్మ. జయపాల్ సార్ ఆమె వైపు తిరిగి చూశాడు. మీటింగుల్లో ఆమె మాట్లాడి ఎన్నాళ్లైందో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"పంపింది ఎవరని అడుగుతున్న సారూ. ముద్ర మీ సంచిల ఉన్నది, కాదనను. బియ్యం మాత్రం మా డబ్బాలది. మా మనుమరాలు పొయ్యి మీద ఎసరు పెట్టంగనే నేను ఉన్నా లేకున్నా పిడికెడు తీసి పెడుతది, టీచరమ్మకని. ఆమెను వాపసు పిలుచుడైనా, మొక్కిచ్చుడైనా, మమ్మల్ని ఒక మాట అడగాలె." సువార్త వైపు తిరిగింది. "చెల్లె, తుడిచినాంక ఆ ప్లేట్లల్ల ఎవలన్న తిన్నరా?"

"మర్నాడు ఆ దేశం టీచర్లు ఆరుగురు, వంటోళ్లిద్దరు, నేను ఒక్క బల్ల మీద తిన్నమక్కా. కాపలా తాత గూడ వచ్చి కూసుండు. మొదటి దినం ఆయన ముద్ద మింగలేకపోయిండు."

భాగ్యమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. బయట వరండాలో గుసగుస మొదలై కిటికీ దాకా వచ్చింది. కిటికీలో ఇప్పుడు నాలుగైదు మొహాలున్నాయి. వాళ్లను లేచిపొమ్మని చెప్పే ధైర్యం ఏడుగురు మగవాళ్లలో ఒక్కరికీ లేకపోయింది.

సువార్త క్షమాపణ కాగితాన్ని తన వైపు లాక్కుంది. జయపాల్ సార్ మొహం తేటపడింది. ఆమె దాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు, బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రాసి, పెద్దగా చదివింది.

"పళ్ళాల అడుగున చుక్కలు తుడిచింది నేనే. నీమాను నేను ఆ పనికి పిలవలేదు, నా పక్కన కూర్చోవద్దని చెప్పనూ లేదు. చేసినదానికి నాకు బాధ లేదు. మూడేళ్లు చేయనందుకు ఉంది. దానికి క్షమాపణ అడగాల్సింది నీమాను, మిమ్మల్ని కాదు. చుక్కలు మళ్లీ పెడితే మళ్లీ తుడుస్తాను. సువార్త, ఏడో తరగతి టీచరు." అడుగున తేదీ వేసి, వాళ్లు అడిగిన సంతకమే పెట్టింది.

"దీనికి నేను ముద్ర కొట్టను" అన్నాడు సార్.

"కొట్టకుండ్రి. నా టికెట్ పద్నాలుగుకు ఉన్నది. నేను అక్కడ దిగినాంక గూడ పర్మిట్టుకు ఇంక ఇరవై దినాలు ఉంటది. ఆ ఇరవై దినాలు నా పిల్లలకు భిన్నాలు చెప్పనీకె చాలు. బడిల రానియ్యకపోతే గేటు బయట కూసోబెట్టి చెప్త."

 జయపాల్ సార్ సంచిలోకి చెయ్యి పెట్టాడు. ముద్ర తీస్తాడేమోనని మహేందర్ అయ్యగారు ముందుకు వంగాడు. తీసింది మరో కాగితం.

"ఇది చూపియ్యొద్దనుకున్న బిడ్డా. నువ్వే తెచ్చుకుంటివి. నువ్వు ఎవరి కోసం ఇంత లొల్లి చేస్తున్నవో, ఆ మనిషే నీ మీద సాక్ష్యం చెప్పింది."

సువార్త కాగితం అందుకుంది. మెయిల్‌తోనే వచ్చిన స్కానుకు రంగుల ప్రింటు, ఇంగ్లీషులో నాలుగు లైన్లు. "ఉపాధ్యాయురాలు సువార్త నన్ను బెదిరించి నాతో పని చేయించినది. నాకు ఇష్టం లేదు. పాత పద్ధతే నాకు బాగుండెను. వంటమనిషి నీమా."

 చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండదు. పక్కన కూర్చుని గుడ్డతో తుడిచిన మనిషి, విమానం రోజున వేరుశనక్కాయలు వేయించి పొట్లం కట్టిచ్చిన మనిషి. పని పోతుందని భయపెట్టి ఉంటారు. పిల్లలు గల తల్లి, ఏం చేస్తుంది. తిట్టుకోవడానికి కూడా మనసు రాలేదు. కళ్లు మసకబారి కాగితం కనిపించలేదు. తుడుచుకుని మళ్లీ చూసింది, ఈసారి అడుగు దాకా.

పేరు పక్కన సంతకం లేదు. నీలం సిరా వేలిముద్ర ఉంది.

"సార్" అంది.  "నీమాకు చదువొచ్చు."

"ఏంది?"

"నీమాకు చదువొచ్చు సార్. వంటింటి సామాను పట్టీ ఆమెనే రాస్తది. వాళ్ల చర్చిల ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఆమెనే. ఆమె వేలిముద్ర ఎందుకు వేస్తది?"

 వేలిముద్ర అంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ ఏడుగురి తల్లిదండ్రులూ, కిటికీలో ఉన్న ఆడవాళ్లలో సగం మందీ మేస్త్రీ చాపిన తెల్లకాగితం మీద వేలు అద్దినవాళ్లే. అద్దిన తర్వాత దాని మీద ఏం రాశారో ఆనకట్టల దగ్గరికీ, బొంబాయికీ పోయాక తెలిసేది. జయపాల్ సార్ సర్వీసు మొత్తం ఊళ్లలో తిరిగి కూలీలకు సంతకం నేర్పించాడు. ఒక్క మనిషి కూడా ఇంక వేలు అద్దొద్దని, పలకల మీద చేయిపట్టి దిద్దించాడు.

ఆయన కాగితం తీసుకుని కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ఆ నీలం మచ్చను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. మడత నలగని చొక్కా మనిషి భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి.

"నేను చూసుకోలే" అన్నాడు. "ఇంగ్లీషు చదివిన. అడుగున చూసుకోలే." కాగితం బల్ల మీద పెట్టి, "ఆమెకు ఫోన్ ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"చెయ్యి. ఇక్కడనే చెయ్యి. అందరం వింటం."

సువార్త ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. అక్కడ ఇప్పుడు రెండు కావొస్తోంది, మధ్యాహ్నం వంటపని అయిపోయి ఉంటుంది. నాలుగుసార్లు మోగింది. ఐదోసారి ఎత్తారు.

"నీమా, దాదా, ఎట్లున్నవు?" అంది సువార్త వాళ్ల భాషలో. అక్కడ దాదా అంటే అక్క.

"ఎవరు, సువార్తా?" అవతల మగ గొంతు, శుభ్రమైన తెలుగు. ప్రిన్సిపాల్ ప్రభుదాస్. "నీ ఫోను కోసమే చూస్తున్నానమ్మా. సంతకం పెట్టేశావా?"

"నీమా ఫోన్ మీ దగ్గర ఎందుకున్నది సార్?"

"అదా." చిన్న నవ్వు. "ఆవిడ మానేసిందిగా. పది రోజులైంది. ఫోను వంటింట్లో వదిలేసి వెళ్లిపోయింది. ఎక్కడికెళ్లిందో మాకూ తెలీదు. అవన్నీ నీకెందుకు? ముందు సంతకం సంగతి చెప్పు."

జయపాల్ సార్ తన ముందున్న కాగితం మీద వేలు పెట్టాడు. వేలిముద్ర కింద తేదీ ఉంది. మూడు రోజుల కిందటిది. ఆయన ఆ తేదీని ముందు భాగ్యమ్మకు చూపించాడు, తర్వాత మిగతా ఆరుగురికీ చూపించాడు. అప్పుడు ఫోను మీదకు వంగి, నలభై ఏళ్లు పిల్లలను లేపి నిలబెట్టిన గొంతుతో మాట్లాడాడు.

"ప్రభుదాస్ గారూ, నేను వనపర్తి నుంచి జయపాల్‌ని. ఆమె పది దినాల కిందనే పోయిందంటున్నరు. మరి మీరు నాకు పంపిన కాగితం మీద ఈ వేలు ఎవరిది?"